ఊళ్లో నెలనెలా జానపద సాయంత్రం: చోటు వెతకడం నుంచి కవరు చేతిలో పెట్టేదాకా

నెలకో శనివారం సాయంత్రం, ఊళ్లో ఒక హాలు, వంద మంది జనం, ముందు ఢోళ్లతో మల్లన్న, బీరప్ప కథలు చెప్పే ఒగ్గుకథ బృందమో బుర్రకథ దళమో. చెప్పుకుంటే చిన్న పనే. చేయబోతే మాత్రం మైకు కూతతో మొదలై, ముఖ్య అతిథి ఆలస్యంతో ముదిరి, అసలు కథకు అరగంట మిగిలే తతంగంగా మారిపోతుంది. జనానికి జానపదం మీద ఇష్టం పోయిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. కొమురవెల్లి మల్లన్న జాతరలో, సంక్రాంతి నుంచి ఉగాది దాకా, కిందే కూర్చుని గంటలకొద్దీ ఒగ్గుకథ వినే జనమే పట్నంలో ఏసీ హాల్లో ఇరవై నిమిషాలకు లేచిపోతున్నారంటే తేడా ఏర్పాట్లలో ఉంది. కథకుడికి చాలినంత టైం ఇవ్వాలి, జనాన్ని ఆయనకు దగ్గరగా కూర్చోబెట్టాలి, మాట స్పష్టంగా వినిపించాలి. కింద చెప్పే పనులన్నీ దీనికోసమే.

ఇది చిన్న సంఘాల కోసం రాసింది. అరవై నుంచి నూటయాభై మంది వచ్చే, టికెట్ లేని కార్యక్రమం అనుకోండి. వేల మంది సభలు, ప్రభుత్వ ఉత్సవాలు వేరే లెక్క.

1. ముందు చోటు చూడండి

ఖాళీ హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. టైల్స్ నేల, అద్దాల కిటికీలు, పైన స్లాబు ఉన్న ఫంక్షన్ హాల్లో ఆ చప్పుడు గోడ నుంచి గోడకు తిరుగుతూనే ఉంటుంది. అలాంటి చోట రెండు ఢోళ్లు మోగితే కథ ఒక్క ముక్క అర్థం కాదు, ఎంత మంచి సౌండ్ సిస్టమ్ పెట్టినా సరే. పాత గ్రంథాలయం హాలు, పెంకులు కప్పిన బడి వరండా, చెట్లున్న ఆవరణ అంతకంటే చాలా నయం. ఫంక్షన్ హాలు తప్ప గతి లేదంటే నేలంతా జంపఖానాలు పరిపించండి, వెనక గోడకు షామియానా గుడ్డ మడతలు మడతలుగా వేలాడదీయించండి. ప్రతిధ్వని చాలావరకు చస్తుంది.

గుడి మండపం ఉచితంగా దొరుకుతుంది, చల్లగా ఉంటుంది, అందరికీ దారి తెలుసు. అయినా తొందరపడొద్దు. డప్పు కొట్టేవాళ్లను, చిందు ఆడేవాళ్లను తరతరాలు గడప బయటే నిలబెట్టిన ఊళ్లు మనవి. “ఇప్పుడలాంటివేం లేవండీ” అని కమిటీ వాళ్లు అన్నా, బృందం పెద్దను విడిగా అడగండి: అక్కడ మీకు ఇబ్బంది లేదు కదా అని. ఆయన ఒక్క క్షణం ఆలోచించినా చోటు మార్చేయండి. కళాకారుడు, కూర్చునే మనిషి ఇద్దరూ బెరుకు లేకుండా లోపలికి రాగలిగే చోటు కావాలి.

వేదిక ఎత్తు అడుగు, అడుగున్నర దాటనివ్వకండి. నాలుగడుగుల స్టేజీ కట్టి, దాని ముందు వీఐపీ సోఫాలు వేసి, వాటి ముందు ఖాళీ వదిలితే కథకుడికి కనిపించేది చీకటే. మొదటి వరుస వేదికకు ఆరడుగుల దూరంలో, కింద జంపఖానా మీద ఉండాలి. పిల్లలు, ముసలివాళ్లు అక్కడే కూర్చుంటారు, కథ నడిపించేదీ వాళ్లే. కుర్చీలు వాళ్ల వెనక.

ఎంత స్థలం కావాలన్నది కళను బట్టి ఉంటుంది. బుర్రకథకు ముగ్గురు ముందుకూ వెనక్కూ అడుగులేస్తారు కాబట్టి పది అడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల లోతు సరిపోతుంది. ఒగ్గుకథలో ఢోళ్లవాళ్లు కూడా కదులుతారు, పదిహేను అడుగులకు పదిహేను ఇవ్వండి. ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లకు అసలు వేదికే వద్దు. ఛాతీకి కట్టుకున్న రేకు తప్పెటలు వాయిస్తూ గుండ్రంగా తిరుగుతారు, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడతారు. గట్టి నేల, పైన ఖాళీ ఆకాశం ఉండాలి. డప్పు బృందం కూడా నేల మీద గుండ్రంగా ఆడితేనే అందం. చేర్యాల పటం ముందు పెట్టి చెప్పే కథకైతే జనం ముప్పై మందే ఉండనివ్వండి. పటం బొమ్మలు కనపడేంత దగ్గర కూర్చోవాలి, రెండు పక్కల నుంచీ ఏటవాలుగా లైట్లు పడాలి. ఎదురుగా లైటు పెడితే రంగుల మీద మెరుపు తప్ప ఏమీ కనిపించదు.

2. సంఘం, డబ్బు

ఏడుగురు కలిస్తే సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం పెట్టుకోవచ్చు. రిజిస్ట్రేషన్ ఉంటే సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా తెరవొచ్చు, విరాళం ఇచ్చేవాళ్లకు రసీదు ఇవ్వొచ్చు, హాలు అద్దెకు అడిగేటప్పుడు నమ్మకం ఉంటుంది. మొదటి రెండు మూడు నెలలు అది లేకుండా కూడా నడుస్తుంది.

ఖర్చు రాసుకునేటప్పుడు వరుస ముఖ్యం. ముందు కళాకారుల పారితోషికం, తర్వాత వాళ్ల ప్రయాణం, భోజనం. ఆ తర్వాత సౌండ్, ఆ తర్వాత హాలు. మిగిలితే ఫ్లెక్సీ. మన దగ్గర ఈ వరుస చాలాసార్లు తలకిందులుగా ఉంటుంది: ఫ్లెక్సీకీ శాలువాలకూ మెమెంటోలకూ పోగా మిగిలింది బృందానికి. వచ్చిన ప్రతి వంద రూపాయల్లో కనీసం అరవై కళాకారులకు చేరాలన్న నియమం మొదటి మీటింగులోనే రాసుకోండి. తర్వాత రాసుకోవడం కష్టం.

టికెట్ కంటే నెలసరి చందాదారులు మేలు. ముప్పై మంది ఏడాదికి ఒప్పుకుంటే వానొచ్చి జనం రాని నెల కూడా గట్టెక్కుతుంది. ద్వారం దగ్గర హుండీ పెట్టండి, పక్కనే క్యూఆర్ కోడ్ అతికించండి.

3. కళాకారుల్ని పిలవడం

యూట్యూబ్‌లో వెతికితే దొరికేది ఎక్కువగా స్టూడియో జానపదం: కీబోర్డు, రిథమ్ ప్యాడ్, ట్రాక్ మీద పాట. అదీ ఒక కళే, కానీ ఈ సాయంత్రం దానికోసం కాదు. కథ చెప్పేవాళ్లు జాతరల్లో దొరుకుతారు, పెద్దకర్మల దగ్గర దొరుకుతారు, గొల్ల కురుమల ఇళ్లలో బీరప్ప, మల్లన్న పండుగలప్పుడు దొరుకుతారు. ఆకాశవాణి కేంద్రాల జానపద కార్యక్రమాల్లో పాడేవాళ్ల గురించి వాకబు చేయండి. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం జానపద పీఠం ఉంది, అక్కడ చదివినవాళ్లకు ఏ ఊళ్లో ఎవరున్నారో తెలుస్తుంది.

క్యాలెండర్ చూడకుండా ఫోన్ చేయొద్దు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఒగ్గు కళాకారులకు ఊపిరాడదు. ఆషాఢంలో బోనాలు. నాట్లప్పుడు, కోతలప్పుడు సగం మంది పొలంలో ఉంటారు, ఎందుకంటే కథ ఒక్కటే ఎవరికీ ఇల్లు గడపదు. భాద్రపదం, కార్తీకం తర్వాతి రోజులు కాస్త తీరిక. బతుకమ్మ నెలలో బయటి బృందాన్ని పిలవకండి, మీ ఊరి ఆడవాళ్లే మీ కళాకారులు.

ఫోన్‌లో ఏం మాట్లాడాలో చాలామందికి తెలియదు, తేదీ చెప్పి రేటు అడిగి పెట్టేస్తారు. ఇలా మాట్లాడి చూడండి:

“బాపూ, వచ్చే నెల రెండో శనివారం మా దగ్గర మీ కథ పెట్టిద్దామనుకుంటున్నం. మీరు ఎంతమంది వస్తరు?”

“ఆరుగురం బిడ్డా. ఢోలు ఒకటి తగ్గిస్తే నలుగురం రావచ్చు గాని, కథ నిండుగ ఉండది.”

“తగ్గియ్యకుర్రి, ఆరుగురూ రావాలె. గంటన్నరల ఏ ఘట్టం పూర్తయితది?”

“బీరప్ప కథల కామరాతి లగ్గం చెప్తం. గంటన్నర సాలది. దగ్గర దగ్గర రెండు గంటలియ్యి.”

ఇచ్చేయండి. “ఏదైనా ఒక పది నిమిషాలు, హుషారుగా” అని అడగడం కంటే పిలవకపోవడం మేలు. ఒగ్గుకథలో కథకుడు ఒక్క కండువాతోనే తల్లీ అవుతాడు, రాజూ అవుతాడు, గొర్రెల కాపరీ అవుతాడు. ఆ మార్పు జనానికి అలవాటు కావడానికే పావుగంట పడుతుంది. చుక్క సత్తయ్య, మిద్దె రాములు లాంటి ఒగ్గు కథకులు వేదిక మీద పేరు తెచ్చుకున్నారంటే, రాత్రంతా నడిచే కథ నుంచి ఏ ఘట్టం విడదీస్తే నిండుగా నిలుస్తుందో వాళ్లకు తెలుసు కాబట్టి. ఆ నిర్ణయం కథకుడిదే.

ఇంకో రెండు అడగాలి. కథలో ఏ భాగమైనా పూజతో ముడిపడి ఉందా? ఒగ్గువాళ్లు రంగుల పొడులతో పట్నం అనే ముగ్గు వేయడం దేవుడి పని. హాల్లో అలంకారంగా వేయమని అడగకండి. రెండోది, కులపురాణం చెప్పే బృందమైతే, ఆ కథను బయటివాళ్ల ముందు చెప్పడానికి వాళ్ల పెద్దలకు అభ్యంతరం ఉందేమో.

4. సాయంత్రాన్ని పంచడం

ఆరున్నరకు మొదలు, తొమ్మిదింటికి ముగింపు. మొదటి ఇరవై నిమిషాలు ఊరివాళ్లకు. ఎవరైనా ఒక పాట, మైకు లేకుండా: నాట్ల పాట, జోలపాట, అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న దంపుళ్ల పాట. తర్వాత ప్రధాన బృందం, యాభై నిమిషాలు. పావుగంట టీ. మళ్లీ బృందం, గంట.

ఒకే సాయంత్రం ఐదు కళలు పెట్టాలన్న ఉబలాటం అందరికీ ఉంటుంది. కోలాటం పది నిమిషాలు, డప్పు పది నిమిషాలు, గుస్సాడి పది నిమిషాలు. అది రిపబ్లిక్ డే శకటాల ఊరేగింపులా ఉంటుంది, ఒక్కటీ గుర్తుండదు. నెలకొకటే పెట్టండి. పన్నెండు నెలలున్నాయి.

5. అనుమతులు, హక్కులు

మైకు వాడుతున్నారంటే స్థానిక పోలీస్ స్టేషన్లో ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. వారం ముందు ఇస్తే టెన్షన్ ఉండదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు లాంటి మూసిన చోట్లకు లోపలి అవసరానికి మినహాయింపు ఉంది. సాంస్కృతిక, మత ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి 45. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల దాకా ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించొచ్చు. తొమ్మిదింటికే ముగించేస్తే ఈ లెక్కల్లో సగం మీ జోలికి రావు, ఆఖరి బస్సు కూడా దొరుకుతుంది.

పాటల హక్కుల గురించి చాలామందికి అనవసర భయం ఉంది. తరతరాలుగా నోటి మీద వస్తున్న పాటకు కాపీరైట్ యజమాని ఉండడు. ఈ మధ్యకాలంలో ఒక కవి రాసిన పాట జానపద బాణీలో ఉన్నా ఆ కవిదే, ఆయన జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. ఔత్సాహిక సంఘాలు డబ్బు తీసుకోకుండా ప్రేక్షకుల ముందు చేసే ప్రదర్శనకు 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లో మినహాయింపు ఉంది. టికెట్ పెట్టారంటే ఆ నీడ పోతుంది. అలాంటి కవుల పాటలు పాడించాలంటే హక్కుదారుల నుంచి గానీ, పాటల హక్కులు చూసే ఐపీఆర్‌ఎస్ సంస్థ నుంచి గానీ లైసెన్సు చూసుకోవాలి.

రికార్డింగ్ సంగతి ఇంకా ముఖ్యం. అదే చట్టం 38వ సెక్షన్ ప్రకారం తన ప్రదర్శన మీద కళాకారుడికి 50 ఏళ్ల హక్కు ఉంది. ఒక కాగితం మీద తెలుగులో నాలుగు వాక్యాలు: ఏం రికార్డు చేస్తున్నాం, ఎక్కడ పెడతాం, డబ్బొస్తే ఎలా పంచుతాం, వద్దంటే తీసేస్తాం. చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోండి, ఒక కాపీ వాళ్లకివ్వండి. కాగితం లేకపోతే కెమెరా బయటకు తీయొద్దు.

6. సౌండ్

సగం కార్యక్రమాలు ఇక్కడే పాడవుతాయి, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

మీ ఊరి సౌండ్ వాడికి డీజే పెట్టడం వచ్చు, పెళ్లి ఆర్కెస్ట్రా వచ్చు. ఆయన పెద్ద సబ్‌వూఫర్లు తెస్తానంటాడు, వద్దనండి. వంద మంది హాలుకు స్టాండు మీద 12 అంగుళాల స్పీకర్లు రెండు, ఆరేడు చానళ్ల మిక్సర్, ఐదు మామూలు డైనమిక్ మైకులు, కళాకారుల వైపు తిప్పిన చిన్న మానిటర్ ఒకటి. ఇంతే. స్పీకర్లు మైకుల కంటే ముందుండాలి, కూర్చున్న జనం తలల మీదుగా పోయేంత ఎత్తులో ఉండాలి. మైకు వెనక స్పీకర్ ఉంటే కూత తప్పదు.

ఆయనతో మొదట అనాల్సిన మాట: “అన్నా, ఎకో మొత్తం తీసేయ్.” మన మైకుసెట్ల వాళ్లకు ఎకో మీద విపరీతమైన మోజు. భజనకు బాగుంటుందేమో, కథకు విషం. కథకుడు ఊపిరి తీసుకోకుండా పది మాటలు గుక్కపట్టి చెప్పే చోట ఒక్కో మాట వెనక దాని దెయ్యం ఇంకోటి పలుకుతుంటే ఎవరికి అర్థమవుతుంది? రెండోది, గొంతు మైకులన్నిటికీ లో కట్ నొక్కించండి. పాదాల చప్పుడు, ఢోలు మోత గొంతు మైకులోకి రాకుండా ఆగుతాయి.

ఇక వాయిద్యాలు.

డప్పుకు మైకు వద్దు. నూటయాభై మంది ఉన్న హాల్లో నాలుగు డప్పులు మోగితే గుండెల్లో తెలుస్తుంది. దానికి కావలసింది నిప్పు. చర్మం చల్లబడితే వదులవుతుంది, మోత మెత్తబడుతుంది. అందుకే ఆటకు ముందు, మధ్యలో కూడా గడ్డితోనో కాగితాలతోనో చిన్న మంట వేసి డప్పు కాస్తారు. గమనించి చూడండి: డప్పును మంటకు ఎదురుగా నిలువుగా పట్టుకుని చేత్తో తిప్పుతూ, మధ్యమధ్యలో చిటికెన పుల్ల అనే సన్నటి పుల్లతో చిన్నగా తట్టి వింటారు. మొదట “దబ్ దబ్” అనేది మెల్లగా బిగుసుకుని “టంగ్” అనే దాకా. వానాకాలం ఇది ఇంకా ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి హాలు వెనక మట్టి నేల మీద, షామియానా గుడ్డకూ కరెంటు వైర్లకూ దూరంగా, ఒక చోటు చూపించండి. ఎండుగడ్డి, ఒక బకెట్ నీళ్లు, ఒక మనిషి. టీ విరామం డప్పు మళ్లీ కాచుకోవడానికి కూడా అని గుర్తుంచుకుని దాన్ని కుదించకండి. విదేశాల్లో హాళ్లలో మంట వేయనివ్వరు, పొగకు అలారం మోగుతుంది కూడా. అక్కడి తెలుగు సంఘాలు ఫైబర్ డప్పులు వాడుతున్నాయి. మోత ఒకలా ఉండదు, కానీ ప్రోగ్రాం ఆగదు.

బుర్రకథలో మధ్యన కథకుడు, భుజాన తంబుర, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. రెండు పక్కలా వంత పాడే ఇద్దరు, వాళ్లే వంతలు, డక్కీలతో. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. ముగ్గురికీ మూడు స్టాండు మైకులు ముందు వరుసలో పెట్టండి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు వంతల మైకులు తగ్గించడం. కథకుడు విసిరిన మాటకు హాస్యపు వంత ఇచ్చే జవాబు వినపడకపోతే కథ సగమే. వంతల గొంతూ కథకుడి గొంతూ సమానంగా ఉండాలి. డక్కీలకు వేరే మైకు అక్కర్లేదు, ఆ గొంతు మైకుల్లోనే చాలినంత వస్తుంది. ముగ్గురూ వెనక్కి అడుగేసినప్పుడు గొంతు తగ్గుతుంది, మిక్సర్ మీద కూర్చున్నతను కంగారుపడి లెవెల్ పెంచుతాడు, వాళ్లు ముందుకొచ్చేసరికి కూత. పెంచొద్దని ముందే చెప్పండి. ఆ వెనకా ముందూ అడుగులు కథలో భాగం. కావాలని తగ్గిస్తారు, కావాలని పెంచుతారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ (1920-1997) బుర్రకథకు తెచ్చిన పేరు ఇలాంటి ఆట మీదే నిలిచింది. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఒగ్గుకథ తలనొప్పి వేరు. ఢోళ్ల మోత కథకుడి మైకులోకి వచ్చి గొంతును మింగేస్తుంది. ఢోళ్లవాళ్లను కథకుడికి సరిగ్గా వెనక కాకుండా అటూ ఇటూ రెండు మూడు గజాలు జరిపి నిలబెట్టగలరేమో అడగండి. మైకు మూతికి నాలుగు వేళ్ల దూరంలో ఉంటే చాలా తేడా వస్తుంది. కథకుడు కదులుతాడు కాబట్టి హెడ్‌సెట్ మైకు బాగా పనికొస్తుంది, కానీ తలపాగా కింద వైరు సరిగ్గా కుదరాలి, చెమటకు జారకూడదు. కార్యక్రమం ముందు రోజు కాదు, అదే రోజు సాయంత్రం పూర్తి వేషంలో ఒకసారి పెట్టి చూడండి.

వీటన్నిటికీ వ్యతిరేకం కిన్నెర. వెదురు దండె, కింద సొర బుర్రలు, మైనంతో నిలబెట్టిన మెట్లు. గొంతు చాలా చిన్నది. పన్నెండు మెట్ల కిన్నెరతో దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక అందరూ కిన్నెర అడుగుతున్నారు, కానీ దాన్ని ఢోళ్ల తర్వాత పెడితే ఎవరికీ వినపడదు. దానికి విడిగా ఒక సాయంత్రం ఇవ్వండి. సున్నితమైన కండెన్సర్ మైకు ఒకటి బుర్రకు జానెడు దూరంలో పెట్టండి, ఫ్యాన్లు ఆపించండి. అవును, ఫ్యాన్లు. ఎండాకాలం కిన్నెర పెట్టకండి.

ఉత్తరాంధ్ర జముకుల కథ పెడితే జముకు అనే తీగ వాయిద్యం నోటి దగ్గర ఒక మైకు. తీగ బిగింపు మారినప్పుడు వచ్చే ఆ మూలుగు వినపడకపోతే ఆ వాయిద్యం తెచ్చిందే దండగ.

సౌండ్ చెక్ “హలో హలో మైక్ టెస్టింగ్” కాదు. అందరూ కలిసి అన్నిటికంటే హోరెత్తే ముక్క రెండు నిమిషాలు వాయించాలి, తర్వాత కథకుడు అన్నిటికంటే మెల్లగా చెప్పే ముక్క చెప్పాలి. మీలో ఒకరు వెనక గోడ దగ్గర నిలబడి, కథకుడు చెప్పిన ఐదు మాటలు తిరిగి చెప్పగలగాలి. చెప్పలేకపోతే మొదటికి రండి.

కరెంటు పోతే? జనరేటర్ ఉంటే మంచిదే. లేకపోతే నాలుగు ఎమర్జెన్సీ లైట్లు చాలు. మైకులు రాకముందు వందల ఏళ్లు చెప్పిన కథలివి. జనాన్ని ఇంకో నాలుగడుగులు ముందుకు జరపండి.

7. ఆ రోజు

బృందం మూడు, మూడున్నరకు చేరేలా బండి పంపండి. బస్సులో ఢోళ్లతో ఎక్కితే కండక్టర్‌తో గొడవ, దిగాక ఆటో గొడవ. రాగానే నీళ్లు, టీ, తినడానికి ఏదైనా. వేషానికి తలుపు గడియ పడే గది, అద్దం, మంచి లైటు, ప్లగ్ పాయింటు. ఆడవాళ్లుంటే వాళ్లకు వేరే గది, తాళం వాళ్ల చేతికే. చిందు యక్షగానం బృందమైతే ముఖానికి రంగు, కిరీటం, భుజకీర్తులు అన్నీ అయ్యేసరికి చాలాసేపు పడుతుంది, వాళ్లను మధ్యాహ్నమే రప్పించండి.

పూర్తి భోజనం ప్రదర్శనకు ముందు పెట్టకండి, తర్వాత పెట్టండి. వేడిగా, కూర్చోబెట్టి, నిర్వాహకులతో పాటే. ప్యాకెట్లు చేతికిచ్చి పంపేయడం నాకు నచ్చదు.

8. వేదిక మీద మాటలు

పరిచయం ఒకరే చేయాలి, రెండు నిమిషాలు: బృందం ఊరు, అందరి పేర్లు, ఏ కథ, ఇప్పటిదాకా ఏం జరిగింది. చివరిది ముఖ్యం. మల్లన్న ఎవరో, ఈ ఘట్టానికి ముందు ఏమైందో నాలుగు వాక్యాల్లో చెప్తే కొత్తవాళ్లు కథలో దిగుతారు. “అంతరించిపోతున్న కళ” అనే మాట మాత్రం కళాకారుల ముందు అనకండి. వాళ్లు బతికే ఉన్నారు, వింటున్నారు.

జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువాలు వద్దని సంఘం తీర్మానంగానే రాసుకోండి. తీర్మానం కాగితం ఉంటే ఎవరినీ నొప్పించక్కర్లేదు, “మా నియమం సార్” అంటే సరిపోతుంది. నాయకులు వస్తే సంతోషం, ముందు వరుసలో జంపఖానా మీద చోటుంది.

చదివింపుల గురించి నాలో రెండు మాటలున్నాయి. కథ మధ్యలో ఎవరో వందో రెండువందలో ఇవ్వడం, కథకుడు కథ ఆపి “ఫలానా వారు కళను మెచ్చి…” అని చదవడం మన సంప్రదాయమే. రసం చెడుతుందని చదువుకున్నవాళ్లు విసుక్కుంటారు. కానీ అది కళాకారుల రాబడి, పైగా ఇచ్చినవాళ్ల పేరును కూడా కథలో కలిపి నవ్వించే నేర్పు చాలామందికి ఉంది. ఆపించకండి. విరామానికి ముందు, చివర్లో చదివితే బాగుంటుందని బృందం పెద్దతో మాట్లాడుకోండి. ఆయన ఎలా అంటే అలా.

9. వంత పలికే జనం

జానపదంలో జనం నోరు మూసుకుని కూర్చోకూడదు. ఒకరు అంటే పది మంది అందుకోవాలి. ఉయ్యాల పాటైనా కోలాటమైనా నడిచేది అలాగే. సిటీ జనం మొహమాటపడతారు, అందుకని మొదటి ఇరవై నిమిషాల్లోనే అలవాటు చేయండి. పాట కాగితాలు పంచొద్దు, తలలు కిందికి వంగిపోతాయి. పాడేవాళ్లు పల్లవి ఒకసారి చెప్పి, రెండోసారి చేయి ఊపితే చాలు. ముందు వరుసలో గొంతున్న నలుగురు సభ్యులను కూర్చోబెట్టండి, వాళ్లు అందుకుంటే మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది. శ్రుతి తప్పినా ఎవరూ సరిచేయకూడదు.

ఫోన్లలో తీయడం మొదటి ఐదు నిమిషాలకు ఒప్పుకోండి, తర్వాత జేబులో పెట్టమనండి. ఏడ్చే పిల్లల్ని ఎవరూ బయటకు పొమ్మనొద్దు. అలా అన్నారంటే వచ్చే నెల ఆ తల్లి రాదు.

10. చెల్లింపు, ఆ తర్వాత

డబ్బు అదే రాత్రి, భోజనానికి ముందు. ఎక్కువ బృందాలు అక్కడికక్కడే పంచుకుంటాయి కాబట్టి నగదే మేలు, చిల్లర నోట్లతో సహా. ప్రయాణం ఖర్చు వేరే కవరులో పెట్టండి, లేకపోతే పెద్ద తన వాటాలోంచి బండికి ఇచ్చుకుంటాడు. ఒప్పుకున్న మొత్తం బృందంలో అందరికీ తెలిసేలా గట్టిగా చెప్పి ఇవ్వండి. జనం తక్కువొచ్చారని ఒక్క రూపాయి తగ్గించొద్దు. రసీదు మీద ఎంతమంది వచ్చారో వాళ్ల పేర్లతో రాయించుకోండి, ఆడిట్‌కూ పనికొస్తుంది, వచ్చే ఏడాది ఫోన్ చేయడానికీ పనికొస్తుంది.

వారంలోపు రికార్డింగ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి బృందానికి పంపండి. వాట్సాప్‌లో పంపితే నాణ్యత పడిపోతుంది, వాళ్లకు ఇంకో చోట చూపించుకోవడానికి పనికిరాదు. మీ దగ్గర ఉంచుకునే కాపీకి ఫైలు పేరులోనే తేదీ, ఊరు, కథ, ఘట్టం, కథకుడి పేరు రాయండి. పక్కనే ఒక కాగితం మీద ఎవరు ఏ వాయిద్యం పట్టారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, సంతకం చేసిన అనుమతి పత్రం ఏ ఫైల్లో ఉందో. ఇది పని అయిన మరునాడే చేయకపోతే మరి చేయరు, కాబట్టి ఆ బాధ్యత ఒక్కరికే అప్పగించండి, వచ్చే నెల తేదీ ఖాయం చేసే మీటింగులో మొదట అడగాల్సింది కూడా ఆ కాగితం గురించే.